వలందుల గోరీల్లో తన పేరు

కిందటి వారం మన బుచ్చన్నను బెజవాడ స్టేషన్లో, బందరు బండి ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేని బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. వారం రోజులూ అక్కడే కూర్చున్నాడనుకోకండి. మనకు వారం, అతనికి రెండు గంటలు. ఈ మధ్యనే కథ పట్టుకున్నవాళ్ళ కోసం అతను ఎందుకు బయల్దేరాడో మళ్ళీ ఒకసారి చెప్పుకుందాం.

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి. అందులో పదహారేళ్ళుగా బొగ్గు టబ్బులు నింపుతున్న ఈ మనిషి పేరు హాజరు పుస్తకంలో బుచ్చన్న అని లేదు, యోనా అని ఉంది. అసలు యోనా వేరే. అరవై రెండులో బాయిలో పని దొరికించుకుని, ఎనిమిదో రోజున తనకు నాలుగడుగుల దూరంలో పైబండ కూలడం చూసి, పైకొచ్చి, తన హాజరు బిళ్లను గేటు ముందు పని కోసం కాచుకున్న బుచ్చన్న చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. బిళ్లతో పాటు పేరూ వచ్చింది. ఆ రోజుల్లో ఒకరి పేరు మీద ఒకరు దిగడం వింతేం కాదు. బొగ్గుకి పేరుతో పనేముంది, చేతులుంటే చాలు.

పోయినేడు రాయమల్లు బాయిలో గుండె ఆగి పోయేదాకా అంతా బాగానే నడిచింది. రాయమల్లు దిగిందీ మారుపేరు మీదే. కాగితాల్లో పోయినవాడు ఇంకెవరో, వాడి భార్య ఇంకెవతో. రాయమల్లు భార్య లింగవ్వ మూడు నెలలు ఆఫీసు గేటు ముందు కూర్చుని, తాను ఎవరి భార్యో చూపించలేక, లేచి ఊరికి పోయింది. అది చూసిన దగ్గర్నించి బుచ్చన్న భార్య సమ్మవ్వకు తిండి సయించలేదు.

"నీ దగ్గు జూస్తే ఎన్నొద్దులో లేవు. పోయేటోనివి పో. నన్ను నీ పెండ్లాన్ని జేసి పో," అంది.

యూనియన్ పెద్దమనిషి ఒక దారి చెప్పాడు. అసలు యోనా వచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబడి "యోనాను నేను, ఈయన బుచ్చన్న" అనాలి. వాడు బతికి లేకపోతే వాడి గుడి కాగితమూ, అంటే బాప్తిస్మం చీటీ, వాడి ఇంటిదాని మాటా కావాలి. అదీ నెలాఖరు లోపల. శ్రీరాంపూర్‌లో ఉండే యోనా అక్క సాయమ్మ "బందర్ల వలందుల గోరీలకు కావలుంటడట" అని మాత్రం చెప్పగలిగింది. వలందులంటే ఒకప్పుడు ఓడలేసుకొచ్చి అక్కడ కొట్లు పెట్టిన డచ్చి దొరలు. ఇక పదండి.

* * *

బందరులో దిగేసరికి పొద్దున పది దాటింది. పంపు కింద మొహం కడుక్కుంటే దగ్గు పొర్లుకొచ్చింది. నల్లగా ఉమ్మి, దాని మీద నీళ్ళు పోసి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నాడు. బయట రిక్షావాడొకడు సీటు దులుపుతున్నాడు.

"వలందుల గోరీల కాడికి పోవాలె. వస్తవా అన్నా?"

"నైజాం వాళ్ళాండీ?" రిక్షావాడు నవ్వాడు. "గోరీల్లో ఎవరి కోసం బాబూ? అక్కడున్నవాళ్ళు లేచి పలకరే!"

"బతికున్నోని కోసమే. కావలాయన. యోనా అని."

"యోనా ఎవరూ లేరండీ. నేను పుట్టింది ఆ పాలెంలోనే. ఉంటే నాకు తెలీదా?"

"పొడుగు మనిషి. ఎడమ చెవి కొస తెగి ఉంటది."

రిక్షావాడు దులపడం ఆపాడు. "ఎడమ చెవా? అయితే బుచ్చన్న గారండీ! ముందే ఆ ముక్క చెప్పొద్దూ!"

బుచ్చన్న చేతిలో సంచీ జారింది.

తన పేరు ఒకరి నోట విని ఎన్నేళ్ళయిందో అతను లెక్కపెట్టలేదు గాని, లెక్కపెట్టినా పెద్ద తేడా ఉండదు. తల్లి పోయాక ఆ పేరు పిలిచేవాళ్ళు లేరు. సమ్మవ్వ అందరు ఇల్లాళ్ళలాగే మొగుడి పేరు నోట పలకదు. "ఇగో", "ఓయ్" అంటుంది. బాయిలో యోనా, కాలనీలో యోనా, కల్లు కాంపౌండులో యోనా. చిట్టచివరికి బందరు స్టేషను ముందు, ముక్కూ మొహం తెలియని రిక్షావాడి నోట తన పేరు వినపడింది. దాని వెనక "గారు" కూడా ఉంది. పుట్టినప్పటినుంచి ఆ పేరుకు అది తగిలించినవాడు లేడు.

"ఆయనను చూసి ఎన్నాళ్ళయిందండీ మీరు?" రిక్షా తొక్కుతూ అడిగాడతను.

"పదహారేండ్లు."

ఆ తర్వాత రిక్షావాడు ఒక్క మాట మాట్లాడలేదు. వాగేవాడు నోరు మూశాడంటే మంచిది కాదని బుచ్చన్నకు తెలుసు. బాయిలో ఎవరైనా పోయినప్పుడు, పని చూసే సర్దార్లు అట్లాగే మూస్తారు.

పాలెం వచ్చింది. ఒకప్పుడు అక్కడ దొరలు మేడలు కట్టారట. ఇప్పుడున్నవి మేడలూ కావు, గోడలూ కావు. మనిషి చేతులతో కావలించుకోలేనంత లావు స్తంభాలు, వాటి మీద మోయడానికేం లేదు. సున్నం రాలిపోయి లోపలి పలచని ఇటుకలు పక్కటెముకల్లా బయటపడ్డాయి. దొరసానులు గాలి పోసుకున్న వసారాలో ఎవరివో వలలు ఆరుతున్నాయి. మూల మీద ఫిరంగి ఒకటి మూతి భూమిలోకి దిగేసి ఉంది, దానికి గేదెను కట్టేశారు. స్తంభాలన్నిటి మీదా రొమ్మెత్తున ఉప్పు గీత. పోయినేడు కార్తీకంలో తుపాను నీళ్ళు నిలిచిన ఎత్తు అది. సముద్రమేమో అవతలెక్కడికో జరిగిపోయింది. ఓడలు రావడం మానేశాయి. దొరలు మోయగలిగినవన్నీ మోసుకుపోయారు. మోయలేనివి గోరీలు. వాటికో కావలివాణ్ణి మిగిల్చారు.

మా ఖని కూడా గింతే, అనుకున్నాడు బుచ్చన్న. బొగ్గు ఉన్నన్నొద్దులే. అటెన్క క్వార్టర్లకు బర్లను కట్టేస్తరు.

గోరీల దొడ్డి గేటు ముందు రిక్షా ఆగింది. "లోపల కుడిచేతి గోడ దగ్గర చూడండి," అని రిక్షావాడు తల పక్కకు తిప్పుకున్నాడు.

లోపల ఎత్తైన గోరీలు, మొనదేలినవి కొన్ని, పెట్టెల్లాంటివి కొన్ని. నల్లరాళ్ళ మీద ఓడలు, పుర్రెలు, ఎవరికీ అక్కర్లేని అక్షరాలు. కుడిచేతి గోడ దగ్గర మాత్రం మోకాలెత్తు రాయి ఒకటి, కొత్తది. సున్నం కొట్టి నల్లరంగుతో తెలుగులో రాశారు. బుచ్చన్న రెండో తరగతితో బడి మానేసినవాడు. కూడబలుక్కుంటే చదవగలడు. వేలు పెట్టి చదివాడు.

బు. చ్చ. న్న.

మళ్ళీ చదివాడు. అక్షరాలు మారలేదు. కింద చిన్నగా: తుపానులో మమ్మల్ని బయటికి పంపి తాను లోపల ఉండిపోయిన మనిషి. పాలెం జనం.

ఎండ మండుతోంది. పక్కనున్న దొర గోరీ మీద కూలబడ్డాడు. అసలు యోనా పోయాడని గాని, వచ్చిన పని చెడిందని గాని అతనికి ముందు తోచలేదు. ముందు తోచింది ఇది: ఈ సంగతి సమ్మవ్వకు ఎవరు చెప్తరు? ఆమె బొట్టు తీస్తదా? తరవాత నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గయింది.

"ఎవరు బాబూ, అంత దగ్గుతున్నారు? మంచినీళ్ళు తాగుతారా?"

గోడకానుకుని కావలి గది ఉంది, పాతకాలపు గుమ్మటం కప్పుతో. గుమ్మంలో నలభై ఏళ్ళ మనిషి, తెల్లచీర, చేతిలో చీపురు. "లోపలికి రండి. ఎండ దెబ్బ తగులుద్ది."

బుచ్చన్న లేచి గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. గోడకు చేరేసి ఉన్న కర్రను తీసి, కప్పు మీద మెల్లగా రెండుచోట్ల కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. గట్టిగానే పలికింది. అప్పుడు కాలు లోపల పెట్టాడు. అందులో అతను ఆలోచించిందేం లేదు. పైబండ కింద పనిచేసేవాడు ఎక్కడ తల దూర్చినా ముందు కర్రతో తట్టి చూస్తాడు. గుల్ల పలికితే వెనక్కి, గట్టిగా పలికితే ముందుకి. అత్తగారింటికి పోయినా అంతే.

ఆమె చేతిలో చీపురు కింద పడింది.

"మీరు బొగ్గుగని వాళ్ళు," అంది.

"ఎట్ల తెలిసింది చెల్లే?"

"పదిహేనేళ్ళు చూశానండీ. ఆయన మా పెళ్ళినాడు కూడా గుళ్ళోకి కర్ర పట్టుకొచ్చి కప్పు కొట్టాడు. పాస్టరు గారు కోప్పడ్డారు. మా నాన్నకైతే తల కొట్టేసినట్టయింది."

"బాయిల పనిజేసింది ఎనిమిది రోజులే గదా. గంతట్లనే అలవాటైందా?"

"ఎనిమిదో రోజునే అయింది." ఆమె గోడకానుకుని కూర్చుంది. నీళ్ళ చెంబు అతని ముందుకి జరిపింది. "ఎనిమిది రోజులని మీకెట్లా తెలుసు?"

అతను నీళ్ళు తాగాడు. ఆమె పేరు సుసన్నా అని మనకు తెలుసుకునే వీలుంది గాని, అతనికింకా తెలియదు.

"ఎట్ల పోయిండు?" అన్నాడు.

"తుపాను రోజు పాలెం అంతా పాత గిడ్డంగిలో దూరింది. వలందులు కట్టింది, రెండు మూరల గోడలు. ఈయన వెదురుకర్రతో కప్పంతా కొట్టి, గుల్ల పలుకుతోంది, బయటికి పదండి అన్నాడు. బయట గాలి మనిషిని ఎత్తేస్తోంది, ఎవరు కదుల్తారండీ? తిట్టాడు, లాగాడు, ఇద్దరు ముసలాళ్ళని మోశాడు. అందరినీ గుళ్ళోకి చేర్చాడు. మళ్ళీ వెళ్ళాడు, లోపల ఇంకెవరైనా మిగిలారేమోనని." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన మాటలవి. "ఎవరూ మిగల్లేదండీ. ఆయనొక్కడే ఉన్నాడు, కప్పు దిగినప్పుడు."

బొగ్గు కప్పుకు భయపడి రెండొందల మైళ్ళు పరిగెత్తినవాడు సున్నపు కప్పు కింద పోయాడు. దేవుడికి పని లేకపోతే ఇట్లాంటివే చేస్తాడు.

"మీరేనా ఆ బుచ్చన్న?" అందామె.

ఆ పేరు మళ్ళీ. ఈసారి "గారు" లేదు. అతనికి కోపమొచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని, పదహారేళ్ళది ఒక్కసారే వచ్చింది.

"నేనే. బతికున్న. దగ్గుతున్న. నా పేరు మీద రాయేసిన్రు మీరు! నన్నడిగిండా మీ ఆయన?"

"ఆయన పేరు మీరు అడిగి తీసుకున్నారా?"

"నేను గుంజుకోలే. ఆయనే ఇచ్చిండు."

"ఇచ్చింది బిళ్ల. పేరు దాంతో పోయింది. యోనా అక్కడ పని చేస్తుంటే యోనా ఇక్కడెట్లా తిరుగుతాడు? ఇద్దరూ జైలుకే గదా. పెళ్ళికి ముందురోజు నాకంతా చెప్పాడు. ఏం పేరు పెట్టుకోనూ అనుకుంటే, నా పేరు మోసేవాడి పేరు దిక్కులేకుండా పడి ఉందిగా, అది నేను మోస్తా అనుకున్నాడట." ఆమె కళ్ళెత్తి చూసింది. "చెడగొట్టలేదండీ మీ పేరుని. బయటికెళ్ళి అడగండి."

తాను ఆమె మొగుడి పేరును ఏం చేశాడు? హాజరు వేయించాడు. రెండుసార్లు సస్పెండు చేయించాడు. కల్లు దగ్గర తిట్టించాడు. అంతకుమించి ఆ పేరుకు ఏ ఉపకారమూ జరగలేదు.

కోపం వచ్చినంత తొందరగానూ చల్లారింది. దమ్ము లేనివాడి కోపం ఎంతసేపు నిలుస్తుంది! లింగవ్వ సంగతి చెప్పాడు. సమ్మవ్వ అన్న మాట చెప్పాడు. "నేను రేపో మాపో పోత చెల్లే. పుస్తకంల యోనా పోయిండని రాస్తరు. యోనాకు పెండ్లాం లేదు. నా సమ్మవ్వ గేటు ముంగట కూసుంటది. నాకు మీ ఆయన గుడి కాగితం గావాలె. మీరొచ్చి ఒక్క మాట జెప్పాలె, యోనా ఈడ పోయిండని. గంతే."

సుసన్నా లేచింది. రేకు పెట్టె తెరిచి, బైబిలు తీసి, అందులోంచి పసుపెక్కిన చీటీ తీసింది. యోనా బాప్తిస్మం చీటీ. తెచ్చి ఇద్దరి మధ్యా చాప మీద పెట్టింది.

"ఇది మీదే. దాచి నేనేం చేసుకుంటాను? కానీ నా మాట కూడా వినండి అన్నయ్య గారూ. ఆయన పోయాక ఈ కావలి పని నాకిచ్చారు, ఈ గది కూడా. బుచ్చన్న భార్యగా ఇచ్చారు. ఆయన తరఫు బంధువు ఒకరు వచ్చి, పోయింది మావాడే, ఈమె అతని భార్యే అని సాక్షి సంతకం పెడితేనే ఖాయం చేస్తారట. ఎనిమిది నెలలుగా ఎవరూ లేరని చెప్తూ వచ్చాను. ఇవాళ్టితో గడువు. గోరీల కమిటీ గుమాస్తా గారు ఇప్పుడో ఇంకాసేపట్లోనో వస్తారు, గది తాళం తీసుకోడానికి." చీటీ వైపు చూసింది. "యోనా ఇక్కడ పోయాడని నేను చెప్తే, మరి బుచ్చన్నెవరు? ఆ రాయి అబద్ధం. నేనూ అబద్ధం."

"మీకు పిల్లలు?"

"లేరు. ఈ గోరీలే." కొంచెం నవ్వింది. "మాట వింటాయి."

"ఇంకేడికన్న పోరాదా చెల్లే?"

"మీ ఆవిడ పోగలదా?"

అతను చీటీ తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక చెయ్యి అక్కడే ఉండిపోయింది. దీని కోసమే వచ్చాడు. దొరికింది. లేచి వెళ్ళిపోవాలి. సాయంత్రం బండి ఉంది.

ఇంతలో గుమ్మం ముందు గొడుగు మూసిన చప్పుడు. చంకలో పుస్తకంతో వయసు మళ్ళిన గుమాస్తా లోపలికి వంగి చూశాడు.

"ఏమ్మా సుసన్నమ్మా, ఏం చేద్దాం? నా చేతిలో లేదు. వాళ్ళు ఇవాళ తాళం తెమ్మన్నారు." అప్పుడు చూశాడు అతన్ని. "ఈయనెవరు?"

సుసన్నా నోరు తెరిచింది. మూసింది. నేల చూపులు చూసింది. అబద్ధమాడమని అడగలేదు, నిజం చెప్పొద్దని అడగలేదు. అదే బుచ్చన్నను చంపింది.

"అన్నను," అన్నాడు. "పోయినాయనకు అన్నను. మొన్ననే తెలిసింది, చూసి పోవాలె అని వచ్చిన."

"ఆహా! ఆ యాస వింటేనే తెలుస్తోంది. ఆయనా ఇట్లాగే 'పోవాలె, రావాలె' అనేవాడు." గుమాస్తా మొహం విప్పారింది. తాళం అడగడం అతనికీ ఇష్టం లేని పనే. చాప మీద కూర్చుని పుస్తకం తెరిచి, రాసి ఉంచిన కాగితం పైకి చదివాడు: "తుపానులో మరణించిన బుచ్చన్న నా తమ్ముడు. ఈ సుసన్నా అతని భార్య. ఇది నిజమని సాక్ష్యం చెబుతున్నాను. అంతే బాబూ. చదువొచ్చా? లేకపోతే వేలిముద్ర వేసెయ్యండి, సిరా డబ్బా తెచ్చాను."

ఇక్కడే బుచ్చన్న పొరపాటు చేశాడు. ఏళ్ళ తరబడి సిరా డబ్బాలో వేలు నల్లబడ్డవాడు తప్ప ఇంకొకడు చెయ్యని పొరపాటు. వేలిముద్రకు పేరుండదు. వేలు అతనిదే, దాని గీతలూ అతనివే. పదహారేళ్ళలో ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనిది ఆ వేలొక్కటే. అది నొక్కి లేచిపోతే గొడవే లేదు. కానీ బాయి దిగొచ్చి, ఒళ్ళు హూనమైనా కార్మికుల బళ్ళో కూర్చుని, ఆరు నెలలు పలక అరగదీసి, జీతాల కిటికీ దగ్గర వేలిముద్రల వరసలోంచి సంతకాల వరసలోకి మారినవాడు అతను. ఆ రోజు తోటివాళ్ళకు చాయ్ పోయించాడు. సిరా డబ్బా చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"వేలెందుకు? సంతకం వస్తది నాకు," అన్నాడు.

గుమాస్తా పెన్ను మూత తీసి ఇచ్చాడు. "ఇక్కడ."

కాగితం మీద పాళీ ఆనాక గాని గుర్తు రాలేదు, తనకు రాయడం వచ్చిన మాట ఒక్కటేనని. అది యోనా, బుచ్చన్న కాదు. బుచ్చన్న అని రాసినా చచ్చినవాడి సంతకమవుతుంది. వచ్చిన మాట రాస్తేనో, యోనా బతికున్నాడని, బుచ్చన్న పోయాడని తన చేత్తో తానే ఒప్పుకున్నట్టు. ఆ కాగితం ఇక్కడుండగా జేబులో చీటీ ఖనిలో ఎందుకూ పనికిరాదు. సమ్మవ్వ ఎవరికీ పెండ్లాం కాదు. రాయకపోతే ఈ గది తాళం ఈ గొడుగాయన చేతిలోకి వెళ్తుంది.

ఇదంతా అతను ఆలోచించేలోగా చెయ్యి ఆగలేదు. ఏళ్ళ తరబడి నెలనెలా కిటికీ దగ్గర చేసిన పని దానికి తెలుసు. వంపు తిప్పి, దీర్ఘం లాగి, యో అని రాసేసింది.

అప్పుడాగింది.

ఇంకొక్క అక్షరం. బుచ్చన్న తలెత్తి గుమ్మటం కప్పు వైపు చూశాడు, ఎక్కడో గుల్ల పలికినట్టు.

"ఆగారేం?" అన్నాడు గుమాస్తా, కాగితం మీదికి వంగి ఆ ఒక్క అక్షరాన్నీ చూస్తూ. "ఇంతకీ మీ పేరేమిటన్నారు?"